గొట్టం వేసిన రోజే మళ్లీ పరీక్ష ఎప్పుడో రాయండి

పక్షవాతం వచ్చి మింగలేకపోతున్న మనిషికి ఆహారం పోయడానికి ముక్కులోంచి గొట్టం వేసేటప్పుడు "ప్రస్తుతానికి ఇలా పెడదాం, తర్వాత చూద్దాం" అంటారు. ఆ "తర్వాత" ఎప్పుడో ఎవరూ చెప్పరు. నా కోపమంతా దాని మీదే. మా నాన్నకి వేసినప్పుడు, మళ్లీ నోటితో తింటారా అని ఎన్నిసార్లు అడిగినా "చెప్పలేం" అనే అన్నారు.

కానీ కొంతవరకు చెప్పొచ్చు. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే స్ట్రోక్‌కి ప్రెస్ అనే స్కోరు 2019లోనే వచ్చింది. రోగి వయసు, స్ట్రోక్ తీవ్రత, దెబ్బతిన్న చోటు, తిన్నది శ్వాసనాళంలోకి జారే ప్రమాదం, మొదట్లో నోటితో ఎంత తీసుకోగలుగుతున్నారు అనేవి చూసి, 7 రోజులకీ 30 రోజులకీ మింగడం ఎంతవరకు తిరిగొస్తుందో అంచనా వేస్తారు. మింగే పనిని మెదడు రెండు వైపుల నుంచీ నడిపిస్తుంది. ఒక వైపు దెబ్బతింటే రెండో వైపు మెల్లగా ఆ పని అందుకుంటుంది. చాలామంది కొన్ని వారాల్లో తేరుకునేది అందుకే. రెండు వైపులా దెబ్బతింటే ఆలస్యమవుతుంది. ఈ నాలుగు ముక్కలు ఇంట్లోవాళ్లకి చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

అంచనా బాగా లేనివాళ్లూ కోలుకుంటారు. అది తెలియాలంటే మళ్లీ మళ్లీ చూడాలి కదా! స్పీచ్ థెరపిస్ట్ రోగిని నిటారుగా కూర్చోబెట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి, చెంచాడు నీళ్లు పోస్తారు. గుటక పడగానే స్వరపేటిక పైకి లేవాలి. తర్వాత "ఆ" అనమంటారు. గొంతు తడిగా గరగరలాడితే నీళ్లు పూర్తిగా దిగలేదేమోనని అనుమానం. పొలమారలేదని ఇంట్లో మనమే అన్నం పెట్టేయడం మాత్రం వద్దు. కొందరికి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది, న్యుమోనియా వస్తుంది. అది బయటపడాలంటే ఎక్స్‌రే వీడియోనో, ముక్కులోంచి కెమెరా పరీక్షో చేయాలి.

గొట్టం ఉంది కదా అని నోరు శుభ్రం చేయడం మానేస్తారు, అదీ తప్పే. ఉమ్మి కూడా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పొట్టకి గొట్టం వేయాలంటే ఇక జీవితాంతం అంతేనని బెంబేలెత్తుతారు. మింగడం వచ్చాక దాన్నీ తీసేయొచ్చు.

డిశ్చార్జి కాగితంలో మందులుంటాయి, గొట్టంలో ఏం పోయాలో ఉంటుంది. మింగడం మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారో రాసి లేకపోతే అక్కడే అడగండి, ఏ రోజు, ఎవరు చూస్తారని. రాయించుకున్నాకే ఇంటికి బయలుదేరండి.