కొలిచేది ఎవరు?

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రం ఉత్తర ప్రాంతంలో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీకి చెందిన కెర్ల్ అనే ఆయిల్ శాండ్స్ (చమురు అంటిన ఇసుక) గని ఉంది. దాని పక్కన నేలలోంచి రంగు మారిన నీరు ఊరుతోందని 2022 మేలోనే కంపెనీకీ, రాష్ట్ర నియంత్రణ సంస్థకూ తెలుసు. స్థానిక మూలవాసులకు అప్పట్లో ఒక ముక్క చెప్పి వదిలేశారు. అది వ్యర్థ జలాల చెరువు నుంచి వస్తున్న నీరన్న సంగతి వాళ్లకు తెలిసింది 2023 ఫిబ్రవరిలో. అదీ ఇంకో చెరువు పొంగి 53 లక్షల లీటర్ల కలుషిత జలం బయటపడ్డాక. ఆ తొమ్మిది నెలలూ తమవాళ్లు అక్కడే వేటాడి, ఆ మాంసమే తిన్నారని అథబాస్కా చిపెవియాన్ తెగ నాయకుడు అలెన్ ఆడమ్ మండిపడ్డారు. 2024 ఆగస్టులో నియంత్రణ సంస్థ ఇంపీరియల్ ఆయిల్‌కు వేసిన జరిమానా 50 వేల కెనడా డాలర్లు. 2023లో ఆ కంపెనీ లాభం దాదాపు 490 కోట్ల డాలర్లు.

ఆ నియంత్రణ సంస్థ తీరుపై జరిగిన విచారణ నివేదిక ఇంకా బాధ కలిగిస్తుంది. నియంత్రణ సంస్థ తన నిబంధనలన్నీ పాటించిందట, ఆ నిబంధనలే సరిపోవట. నిబంధన తప్పకుండానే ఒక ఊరిని తొమ్మిది నెలలు చీకట్లో ఉంచగలిగారంటే, పర్యావరణ, సామాజిక బాధ్యతల్లో ఈ పరిశ్రమ పనితీరుకు ఇచ్చే మార్కులను ఎవరైనా ఎందుకు నమ్మాలి?

ఇక్కడి చమురు బావిలోంచి ఉబికి రాదు. తారులాంటి బిటుమెన్ ఇసుకకు అంటుకుని ఉంటుంది. గనుల్లో ఒక పీపా చమురు కోసం సుమారు రెండు టన్నుల ఇసుక తవ్వి, వేడి నీళ్లతో కడగాలి. కడగ్గా మిగిలిన నీరు, బంకమట్టి, కొంత బిటుమెన్, విషపూరితమైన నాఫ్తెనిక్ ఆమ్లాలు అన్నీ పెద్ద పెద్ద చెరువుల్లోకి చేరతాయి. అందులోని సన్నటి మట్టి దశాబ్దాలు గడిచినా అడుక్కి దిగదు. 1967లో మొదటి గని మొదలైనప్పటి నుంచి పేరుకున్న ఈ ద్రవ వ్యర్థం 1.4 లక్షల కోట్ల లీటర్లు దాటింది. పక్షులు వాలకుండా గట్ల మీద దిష్టిబొమ్మలు నిలబెడతారు, గ్యాస్ ఫిరంగులు పేలుస్తుంటారు. 2008 ఏప్రిల్‌లో ఆ ఏర్పాట్లు సకాలంలో సిద్ధం కాక, సిన్‌క్రూడ్ అనే కంపెనీ చెరువులో దిగిన బాతులు 1,600కు పైగా చచ్చిపోయాయి.

గాలి విషయం చూడండి. కెనడా ప్రభుత్వ, యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ గనుల మీదుగా విమానం ఎగరేసి సేంద్రియ వాయువులను స్వయంగా కొలిచారు. 2024 జనవరిలో ఫలితాలు వెలువడ్డాయి. పరిశ్రమ చెప్పిన లెక్క కన్నా అసలు ఉద్గారాలు 20 నుంచి 64 రెట్లు! కంపెనీలు అబద్ధం చెప్పాయనడానికి లేదు. కొన్ని రకాల వాయువులనే లెక్కపెట్టాలని నిబంధన చెబుతోంది, వాళ్లు ఆ కొన్నింటినే లెక్కపెట్టారు. మిగిలిన వాయువులు ఏ కాగితంలోనూ లేవు, జనం పీల్చే గాలిలో మాత్రం ఉన్నాయి.

నేలను మళ్లీ మామూలు స్థితికి తెస్తామన్న మాట కూడా అంతే. సర్కారు 2008లో 104 హెక్టార్ల గుట్టకు పునరుద్ధరణ ధ్రువపత్రం ఇచ్చింది. నాలుగు దశాబ్దాల తవ్వకానికి అదే మొదటిది. గనులు మూతపడ్డాక శుభ్రం చేసే ఖర్చుకు కంపెనీల నుంచి ముందుగా కట్టించుకున్న డిపాజిట్ చాలదని, రేపు ఆ భారం ప్రజల నెత్తిన పడొచ్చని అల్బెర్టా ఆడిటర్ జనరల్ 2015లోనే హెచ్చరించారు.

ఈ పరిశ్రమ వల్ల మేలు లేదని మేము అనడం లేదు. దాని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. ఫోర్ట్ మెకే, మికిస్యూ క్రీ తెగలు 2017లో సన్‌కోర్ కంపెనీ చమురు నిల్వ కేంద్రంలో 49 శాతం వాటాను సుమారు 50 కోట్ల డాలర్లకు కొన్నాయి. మూలవాసులు చేయి చాచేవాళ్లుగా కాక భాగస్వాములుగా నిలవడం నిజమైన ముందడుగే. అయితే వాటా ఇచ్చాం కదా, ఇక నోరు మెదపకండి అంటే కుదరదు. కెర్ల్ లీకేజీపై గట్టిగా నిలదీసినవాళ్లలో అదే మికిస్యూ క్రీ తెగ కూడా ఉంది.

గనుల ప్రాంతం గుండా పారే అథబాస్కా నదికి దిగువన ఉన్న ఫోర్ట్ చిపెవియాన్ అనే ఊళ్లో అరుదైన పిత్తనాళ క్యాన్సర్లు కనిపిస్తున్నాయని అక్కడి వైద్యుడొకరు 2006లో బయటపెట్టారు. ఊళ్లో క్యాన్సర్లు అంచనా కన్నా ఎక్కువే ఉన్నాయని 2009లో అల్బెర్టా క్యాన్సర్ బోర్డు తేల్చింది, కారణం మాత్రం తేలలేదు. సమగ్ర ఆరోగ్య అధ్యయనానికి కేంద్ర ప్రభుత్వం 1.2 కోట్ల డాలర్లు ప్రకటించింది 2024లో. అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టడానికే 18 ఏళ్లు పట్టింది. ఈలోగా ఎంతమంది పోయారో ఆ ఊరివాళ్లనే అడగాలి.

2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణ పూర్తయ్యాక ఈ చమురు పసిఫిక్ తీరం నుంచి ఆసియాకు తేలిగ్గా చేరుతోంది. మన దేశపు కొనుగోలుదారులూ రంగంలో ఉన్నారు. ధర ఎంత అని అడిగేవాళ్లు, నీళ్ల లెక్క ఎవరు రాశారని కూడా అడగాలి.

ఇప్పుడు శుద్ధి చేసిన వ్యర్థ జలాన్ని అథబాస్కా నదిలోకి వదలనిచ్చే నిబంధనలపై కసరత్తు నడుస్తోంది. చెరువులు శాశ్వతంగా అలాగే ఉండిపోకూడదన్నది నిజమే. కానీ ఒక్క చుక్క వదిలే ముందే నదిలో నమూనాలు తీసే పని దిగువ ఊళ్ల ప్రజలు ఎంచుకున్న శాస్త్రవేత్తలకు అప్పగించాలి. ఖర్చు కంపెనీలు భరించాలి. ఫలితాలు కంపెనీకి ఏ రోజు అందితే ఫోర్ట్ చిపెవియాన్‌కూ ఆ రోజే అందాలి. వదలడం ఆపేయమనే అధికారం ఆ ఊరికి ఉండాలి.