చీముగడ్డకు కత్తి ఎప్పుడు పెట్టాలి?

యోని వైపు నుంచి పైకి పాకిన ఇన్‌ఫెక్షన్ గర్భసంచిని దాటి ఫెలోపియన్ ట్యూబుల్లోకి (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టాలు) చేరితే వ్యవహారం మారిపోతుంది. ట్యూబు కొస మూసుకుపోయి లోపల చీము నిండుతుంది. అండాశయం, పేగులు వచ్చి దానికి అతుక్కుని అంతా ఒక ముద్దవుతుంది. చీముగడ్డ అంటే ఇదే. ఇది పగిలిందంటే చీము కడుపంతా పాకి, కొన్ని గంటల్లోనే సెప్సిస్‌తో (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి అవయవాలు దెబ్బతినే స్థితి) ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు.

పగలని గడ్డ దగ్గరే అసలు చిక్కు. 'గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది' అనే సలహా తేలిగ్గా వచ్చేస్తుంది. నా దృష్టిలో అది తొందరపాటు. సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కించే యాంటీబయాటిక్స్‌తోనే చాలా గడ్డలు తగ్గుముఖం పడతాయి. 48 నుంచి 72 గంటలు చూసినా జ్వరం దిగకపోతే, నొప్పి అలాగే ఉంటే, అప్పుడు చీము తీయాలి. గడ్డ 7, 8 సెంటీమీటర్లు దాటితే మందులతోనే నయమయ్యే అవకాశం తక్కువ కాబట్టి అంతసేపు ఆగకపోవచ్చు. చీము తీయడానికీ పొట్ట కోయనక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితోనో, సన్నటి గొట్టంతోనో లాగేయవచ్చు. అది కుదరకపోతే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ల్యాపరోస్కోపీ ఉంది.

ఇన్‌ఫెక్షన్ మంట మీదున్నప్పుడు కోత పెట్టడం సర్జన్‌కూ టెన్షనే. వాచిన కణజాలం పట్టుకుంటే చిరిగిపోతుంది. ఏది ట్యూబో ఏది పేగో తేలదు, విడదీసేటప్పుడు పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంటుంది. పిల్లలు కావాలనుకునే మహిళకు చీము తీసి, లోపల కడిగి, అవయవాలను వీలైనంత మిగల్చడమే మేలు. నెలసరి ఆగిపోయిన వయసులో మాత్రం లెక్క వేరు. ఆ గడ్డ వెనక క్యాన్సర్ దాగి ఉండొచ్చు, అందుకే అక్కడ ఆపరేషన్ వైపే మొగ్గు ఎక్కువ.

గండం గడిచాక ట్యూబుల్లో మచ్చలు మిగులుతాయి. దీర్ఘకాలిక నొప్పి, ట్యూబులోనే గర్భం నిలవడం, అసలు గర్భమే రాకపోవడం వాటి వల్లే. స్వీడన్‌లో లుండ్ పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో ట్యూబులు దెబ్బతిని సంతానం కలగనివారు ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చినవారిలో 8 శాతం, రెండుసార్లు వచ్చినవారిలో సుమారు 20 శాతం, మూడు అంతకు మించి వచ్చినవారిలో 40 శాతం. లైంగికంగా సోకే గనేరియా, క్లమీడియా కారణమైన చోట భర్తకో, భాగస్వామికో మందు ఇవ్వకుండా ఆమెను ఒక్కదాన్నే డిశ్చార్జ్ చేస్తే, రెండోసారికి మనమే దారి వేసినట్టు.