రింగ్ బైండర్ గారికి షోకాజ్ నోటీసు

జార్జ్ టౌన్, చెన్నై.

మహారాజశ్రీ రింగ్ బైండర్ గారికి,

విషయం: తెరవమన్నప్పుడు తెరుచుకోకపోవుట, వద్దన్నప్పుడు తెరుచుకొనుట – సంజాయిషీ కోరుట గురించి.

సూచిక: నా కుడిచేతి బొటనవేలి గోరు.

అయ్యా,

పెళ్లయి పెరంబూరు వచ్చిన కొత్తలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరాను. ఇప్పటికి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో మా ఆయన చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నానో గుర్తులేదు గానీ, ఫైల్లో కాగితాలు గుచ్చి పెట్టే మీ రింగులు మాత్రం రోజుకు నలభై యాభైసార్లు పట్టుకున్నాను. కాబట్టి మిమ్మల్ని నాలుగు మాటలు అనే హక్కు నాకు ఒకరు ఇవ్వక్కర్లేదు.

మొన్న మార్చి చివరి వారం. ఆఫీసులో ఎవరికీ ఊపిరాడని రోజులు. పోయిన ఏప్రిల్ నెల వోచరు, అంటే ఖర్చు చీటీ, ఒకటి తియ్యాలి. మీ రెండు చివర్లలో నాలికల్లా ఉండే లివర్లని రెండు చేతులతో ఒకేసారి నొక్కాలని నాకు తెలుసు. కానీ ఒక చేతిలో ఫోను ఉంది, ఫోనులో క్లయింటు ఉన్నాడు. ఒక లివరే నొక్కాను. రాలేదు. గట్టిగా నొక్కాను. ఊహూఁ. సరేనని ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రింగుని అటూ ఇటూ పట్టుకుని లాగాను. టక్. రింగు తెరుచుకుంది, గోరు సగానికి విరిగింది. అబ్బా అని చెయ్యి తీసుకోబోతే ఇంకో టక్. ఈసారి మూసుకుంది, వేలి చర్మాన్ని కూడా లోపల పెట్టుకుని. అడకత్తెరలో పోకచెక్క అని మా అమ్మమ్మ అంటుంటే వినడమే గానీ, పోకచెక్క బాధ ఏమిటో అప్పుడు తెలిసింది. అవతల క్లయింటు "ఏమైంది మేడమ్?" అన్నాడు. "ఏం లేదండీ, మీ ఫైలే చూస్తున్నాను" అన్నాను.

ఇక్కడితో 'మీరు' మానేస్తున్నాను. నా రక్తం చూసినవాళ్లకి గౌరవ వాచకాలు వాడడం నా వల్ల కాదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూల పడేసిన మీ వంశస్థుడికి పోస్టుమార్టం చేశాను. ఎలక్ట్రీషియన్ వదిలేసి వెళ్లిన స్క్రూడ్రైవరుతో రివెట్లు పెకలించి, అట్ట నుంచి ఇనుము విడదీసి, టేబుల్ మీద బోర్లా పడుకోబెట్టాను. ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేస్తున్న కుర్రాడు "ఏంటక్కా అది, ఎలకల బోనా?" అన్నాడు. వాడికి మంచి భవిష్యత్తుంది.

లోపల ఏముందంటే, పైన బోర్లించిన దోనెలా వంపు తిరిగిన ఒక రేకు. దాని కింద పక్కపక్కనే, అంచూ అంచూ ఆనుకుని రెండు సన్నటి పలకలు. ఒక్కో పలకకి ఒకవైపు అర రింగులు. అంతే, ఇంకేమీ లేదు. కిటుకంతా ఒక్కచోటే ఉంది: ఆ రెండు పలకల వెడల్పూ కలిపితే, పై రేకు లోపలి సందు కంటే వెంట్రుకవాసి ఎక్కువ. మన సిటీ బస్సులో ఇద్దరు కూర్చునే సీటు మీద ఇద్దరు పుష్టిగలవాళ్లు కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. ఇద్దరూ సమంగా కూర్చోలేరు. ఇద్దరూ కలిసి ముందుకి జరగాలి, లేదా వెనక్కి ఒరగాలి. పలకలూ అంతే. వాటి మధ్య కీలు కిందికి దిగితే రింగులు మూసుకుంటాయి, పైకి లేస్తే తెరుచుకుంటాయి. ఇటు నుంచి అటు వెళ్లాలంటే ఒక్క క్షణం చదునుగా అవ్వాలి. ఆ క్షణంలో రేకు రెండువైపులా విచ్చుకుని, వెంటనే మళ్లీ బిగుసుకుని, పలకల్ని అవతలి పక్కకి తోసేస్తుంది. నా ప్రాణం తీసే ఆ 'టక్' అదే. మధ్యలో ఆగడం నీ జాతకంలోనే లేదు. మా ఆడపడుచు కూడా ఇంతే, ఉంటే పీకలదాకా ప్రేమ, లేకపోతే కోర్టు.

తెలివైన ఏర్పాటే, కాదనను. మోటారు లేదు, మర లేదు, మూడు ముక్కల ఇనుముతో పని నడుస్తోంది. కానీ నా ఫిర్యాదు కూడా అక్కడే ఉంది. నిన్ను మూసి ఉంచేది ఆ రేకు బిగువే. నా గోరు విరిచిందీ అదే బిగువు. బిగువు తగ్గిస్తే వేళ్లు బతుకుతాయి గానీ నువ్వు నోరు తెరిచేస్తావు. పెంచితే నోరు మూసుకుంటావు గానీ వేళ్లు పోతాయి. ఒకే స్ప్రింగుకి కాపలా పనీ ద్వారం పనీ అప్పజెప్పారు. హోటల్లో వంటగదికి స్ప్రింగు తలుపు పెడతారు, బాగానే ఉంటుంది, సర్వరు కాలితో తన్నుకుంటూ వస్తాడు పోతాడు. ఇంటి వీధి తలుపుకి ఎవరైనా స్ప్రింగొక్కటీ పెట్టి ఊరికి వెళ్తారా? గడియ పెడతారు. నీకు స్ప్రింగుంది, గడియ లేదు.

గడియ లేకపోతే ఏమవుతుందో జులైలో చూశాను. మాది జార్జ్ టౌన్‌లో పాత మేడ, రెండో అంతస్తు. మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉంటాయి. ఒక క్లయింటు వోచర్ల ఫైలు గుండెకి హత్తుకుని దిగుతున్నాను. నాలుగు వందల పన్నెండు వోచర్లు, అన్నీ నంబర్ల వరసలో. చెమటకి చెయ్యి జారింది. నువ్వు వెన్ను ఆనించి మూడో మెట్టు మీద పడ్డావు, పెద్ద ఎత్తు నుంచి కూడా కాదు. ఆ దెబ్బకి లోపల పలకలు పైకి లేచాయి. టక్. అన్ని రింగులూ ఒకేసారి నోళ్లు తెరిచాయి. సాయంత్రం నాలుగున్నర, హార్బరు వైపు నుంచి సముద్రపు గాలి వీధిలోకి తోసుకొచ్చే వేళ. ఇక చూసుకో. పెట్రోలు బిల్లులు గాల్లో, కొరియరు రసీదులు గాల్లో, లారీ అద్దెల చీటీలు కింద పార్కింగులో బళ్ల మీద. వాచ్‌మన్ "పాత్తు అమ్మా, పాత్తు!" (చూసుకో అని తమిళంలో) అంటూ నన్ను పట్టుకోవాలో కాగితాలు పట్టుకోవాలో తెలీక రెండూ వదిలేశాడు. హైకోర్టు నుంచి వస్తున్న వకీలు ఒకాయన నల్లకోటు నడుముకి చుట్టుకుని, వంగి వంగి ఏరి ఇచ్చాడు పాపం. టీ కుర్రాడి ట్రేలో రెండు దొరికాయి, తడిసి. రాత్రి ఎనిమిదింటిదాకా నేలమీద పరుచుకుని నంబర్లు పేర్చాం. 287 దొరకలేదు. ఇప్పటికీ లేదు.

లెక్కల పుస్తకాలూ వోచర్లూ ఎనిమిదేళ్లు దాచమని కంపెనీల చట్టం అంది. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచమని జీఎస్టీ చట్టం అంది. నువ్వు రెండంతస్తుల మెట్లు దిగేదాకా దాచలేకపోయావు.

అలాగని నీది తక్కువ కులమేమీ కాదు. 1886లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్రిష్ జోనెకెన్ అనే ఆయన కాగితాలకు కన్నాలు వేసే పంచింగ్ మెషీనుకీ, ఆ కన్నాల్లో దూరే రింగుల ఫైలుకీ పేటెంట్లు తీసుకున్నాడు. తర్వాత పదేళ్లకి అటూ ఇటూగా స్టుట్‌గార్ట్‌లో లూయిస్ లైట్జ్ దానికి పెద్ద లివరు తగిలించాడు. మేం ఇక్కడ బాక్స్ ఫైలు అంటున్నది దాన్నే. మీ పెదనాన్న కొడుకన్నమాట. బండగా ఉంటాడు, అలమరాలో దాదాపు 8 సెంటీమీటర్లు ఆక్రమిస్తాడు, కాగితాల్ని అదిమిపట్టే కడ్డీ ఎప్పుడూ ఎక్కడో పడిపోయి ఉంటుంది. అయినా లివరు కిందికి వంచితే వంచిన చోటే ఉంటుంది, ఎత్తితేనే తెరుచుకుంటాడు. మాట మీద నిలబడే మనిషి.

కన్నాలకి కూడా ఒక పద్ధతుంది. రెండు కన్నాల మధ్య 80 మిల్లీమీటర్లు, కన్నం వ్యాసం 6, కాగితం అంచు నుంచి కన్నం నడిమికి 12. ఐఎస్‌ఓ 838 అని అంతర్జాతీయ ప్రమాణం. అందుకే లుధియానా పంచింగ్ మెషీను వేసిన కన్నం జర్మనీ ఫైల్లో సరిపోతుంది. అంటే శూన్యానికి ఉన్న క్రమశిక్షణ, ఆ శూన్యంలో దూరే నీకు లేదు.

ఎందుకన్నానంటే నీ రింగుల కొసలు చూసుకో. రెండు అర రింగులూ కలిసేచోట ఒకదాంట్లో ఒకటి దూరాలి. కొత్తలో దూరతాయి. ఒక చివర లివరు మాత్రమే నొక్కే నాలాంటివాళ్ల చేతిలో పడ్డాక పలకలు మెలితిరిగి, కొసలు కాస్త పక్కకి తప్పుకుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది, సన్నటి మెట్టు. ఆ మెట్టు దగ్గర ప్రతి కాగితమూ తట్టుకుంటుంది. తట్టుకున్న కాగితాన్ని లాగితే కన్నం చిరుగుతుంది. చిరిగిన కన్నానికి చుట్టూ అంటించడానికి గుండ్రటి స్టిక్కర్లు కూడా అమ్ముతారు. రోగం తయారు చేసినవాడే కట్టు కూడా కట్టినట్టు. దీనికి తోడు ఈ ఊరి ఉప్పుగాలి. రెండు వానాకాలాలు దాటేసరికి నీ నికెల్ పూత పోయి, ప్రతి కన్నం చుట్టూ తుప్పు మరక, ఇటుక రంగు గాజు తొడిగినట్టు.

ఇంతకీ మావాళ్లు నీకంటే ముందు ఏం చేశారో తెలుసా? తాటాకులకి కన్నం వేసి, దారం దూర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి, ఆ దారాన్నే కట్ట చుట్టూ చుట్టి ముడేశారు. ఈస్టిండియా కంపెనీ దొరలు మెకంజీ, బ్రౌన్ పోగుచేయించిన తెలుగు తాళపత్రాలు ఈ ఊరి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికే చేరాయి. అక్కడ ఏ కావ్యమైనా ఎవరి గోరైనా విరిచిందని నేను వినలేదు. చదివేటప్పుడు దారం వదులు, చదివాక ముడి. తెరవడానికో ఏర్పాటు, మూసి ఉంచడానికో ఏర్పాటు. తాటాకు కాలంలో తెలిసిన సంగతి నీకు ఉక్కు కాలంలో తెలియలేదు.

తెలియలేదనడం కూడా తప్పే. పోయిన వారం ఆండర్సన్ స్ట్రీటుకి వెళ్లాను. కన్యకా పరమేశ్వరి గుడికి వచ్చిపోయే తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉంటారు, నేను వెళ్లిన కొట్టు శెట్టిగారూ మనవాడే. గోరు చూపించి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన పైఅరలోంచి ప్లాస్టిక్ కవరు కూడా విప్పని బైండరు ఒకటి తీశాడు. "ఇది చూడమ్మా, గడియ రకం" అన్నాడు. నేను పడీపడీ వెతుక్కున్న మాట ఆయన నోట్లో అలవోకగా ఉంది.

ఒక చివరే లివరు. ఒక్క వేలితో ఎత్తాడు. రింగులన్నీ ఆవులించినట్టు నెమ్మదిగా తెరుచుకున్నాయి. టక్ లేదు. మూసి, తిప్పి, సందులోంచి చూడమన్నాడు. పలకల వెంట పొడుగ్గా ఒక కడ్డీ ఉంది. లివరు మూసినప్పుడు ఆ కడ్డీ జరిగి, దానికున్న గుబ్బలు పలకలకీ పై రేకుకీ మధ్య అడ్డంగా నిలబడతాయి. ఇక పలకలు పైకి లేవడానికి చోటే ఉండదు. లివరు ఎత్తితే ముందు కడ్డీ తప్పుకుంటుంది, ఆ తర్వాతే పలకలు కదులుతాయి. పట్టుకునే పని కడ్డీది కాబట్టి స్ప్రింగు మెత్తగా ఉన్నా నష్టం లేదు. లివరు ఒక్కటే అయినా కడ్డీ ఆ చివరిదాకా ఉంది కాబట్టి రింగులన్నీ కలిసే తెరుచుకుంటాయి. కొసలు కూడా ఒకదాంట్లో ఒకటి ఇమిడాయి, గోటితో గీరి చూశాను, ఉన్న సగం గోటితో.

"కింద పడెయ్యొచ్చా?" అని అడిగాను. శెట్టిగారు మొహం అదోలా పెట్టాడు. ఆయన ఏమైనా అనేలోపే, రెండు వందల కాగితాలు పెట్టి కౌంటరు మీద నుంచి వదిలేశాను. అట్ట మూల నలిగింది. రింగులు నోరు విప్పలేదు. "ఇప్పుడిది నువ్వే కొనాలమ్మాయ్" అన్నాడు. కొన్నాను. నీకంటే అరవై రూపాయలు ఎక్కువ. బిల్లు లేకుండా అయితే పది తగ్గిస్తానన్నాడు, ఆడిటర్ ఆఫీసు మనిషితో!

మర్నాడు దాన్ని మా సార్ టేబుల్ మీద పెట్టి, తెరిచి, మూసి, ఆయన ముందే ఇంకోసారి నేలకేసి కొట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి శ్రద్ధగా చూశారు. "బాగుంది. ఎంత?" అన్నారు. చెప్పాను. "ఫైలుకి గడియ ఎందుకమ్మా, బీరువాకి ఉందిగా" అన్నారు. నీ రకమే రెండు డజన్లు, పోయినేడు లాగానే, ఆర్డరు వెళ్లింది.

నీకు ఉద్యోగ భద్రత ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమైంది. అయినా పద్ధతి ప్రకారం ఈ నోటీసు అందిన ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి. ఆఫీసు కాపీ నీలోనే పెట్టమన్నారు. పెట్టను. తాడుతో కట్టాను.

ఇట్లు,
లెక్కల విభాగం, రెండో అంతస్తు

జతపరచినవి:
కన్నం చిరిగిన వోచర్లు – 3
గోరు ముక్క – 1 (టేపుతో అంటించబడినది)
287వ నంబరు వోచరు – జతపరచలేదు