ముప్పై రోజులకే చెరిగిపోయే హామీ

సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇస్తే ఒక నంబరైనా చేతికొస్తుంది. అదే గోడు ఆదివారం సాయంత్రం నాయకుడి ఫేస్‌బుక్ లైవ్ కింద రాసుకుంటే వచ్చేది రెండు చేతులు జోడించిన బొమ్మ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీన్నే ఇప్పుడు ప్రజలతో ముఖాముఖి అంటున్నారు. ఏ పార్టీ అయినా తీరు ఇదే. ఇది ముఖాముఖి కాదు, దర్శనం.

లైవ్ నడిచే పద్ధతి తెలిస్తే ఈ మాట కటువుగా అనిపించదు. నాయకుడి ఎదుట ఒక ఫోను ఉంటుంది. కామెంట్లు చూసేది పక్కనున్న కుర్రాడు. అనుచరుల ‘జై’లు వందల్లో పడుతుంటే, మంచినీటి గురించి రాసిన ముక్క రెండు నిమిషాల్లో కిందికి జారిపోతుంది. మిగిలినవాటిలో ఇబ్బంది పెట్టే ప్రశ్నను తొలగించనక్కర్లేదు, దాచేస్తే చాలు. ఫేస్‌బుక్‌లో దాచిన కామెంటు రాసినవాడికీ, అతడి స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది. జిల్లా అంతా చదివిందనుకుని అతను ఎదురుచూస్తుంటాడు. కంటపడిన ఒకటీ అరా ప్రశ్నలకు ‘వివరాలు ఇన్‌బాక్స్ చేయండి’ అని జవాబు. అక్కడితో ఊరి సమస్య ఒక మనిషి సొంత పనిగా మారిపోతుంది. అదే వీధిలో అదే ఇబ్బంది పడుతున్న పది ఇళ్లకు ఏం తేలిందో తెలియదు. ఇక ఆత్రం కొద్దీ ఆధార్ నంబరు, డయాలసిస్ రిపోర్టు కామెంట్లలోనే పెట్టేసేవాళ్లూ ఉన్నారు. అవి నాయకుడికంటే ముందు మోసగాళ్ల కంట పడతాయి.

నోటి మాటైనా వీడియోలో ఉంది కదా అంటారా? 2025 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ లైవ్ వీడియోలను 30 రోజులే ఉంచుతోంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుంటే సరి, లేకపోతే పోయినట్టే. ఆ హామీ సంగతేంటని సమాచార హక్కు కింద అడిగితే జవాబివ్వడానికి అధికారికి ఉన్న గడువూ 30 రోజులే. కాగితం వచ్చేసరికి మాట ఉండదు.

లైవ్ వల్ల మేలు లేదనడం లేదు. చెన్నైలో తాపీ పనికి, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల వేటకు వెళ్లినవాడు సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు రాలేడు. అతడికి ఫోనే దిక్కు. ఒక్క వీడియో వైరల్ అయి మర్నాడే ట్రాన్స్‌ఫార్మర్ మారిన ఊళ్లూ ఉన్నాయి. కానీ వైరల్ కాని ఊరి మాటేమిటి? అయినా ఫోను తప్పేమీ లేదు. 2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పౌరసేవ ‘మన మిత్ర’ నడుస్తున్నదీ అదే ఫోనులోని వాట్సాప్‌లోనే. లోపమంతా లెక్క రాయని మాటలో ఉంది.

లెక్క రాయడమంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం, పరిశ్రమ పెట్టే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సభ మొత్తాన్నీ వీడియో తీయాలి. జనం లేవనెత్తిన అంశాలను, వాటికి కంపెనీ ఇచ్చిన సమాధానాలను చివర్లో స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. కలెక్టరు అదే రోజు సంతకం చేయాలి. ఆ ప్రతిని పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. ఈ నియమాలన్నీ పాటించారా అంటే నవ్వొస్తుంది. అయినా, పాటించలేదని నిలదీయడానికి చేతిలో ఒక కాగితం ఉంది. సోంపేట బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ 2010 జూలై 14న రద్దు చేసింది. ప్లాంటు వద్దన్నవారిపై జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయిందీ ఆ రోజే. బీలను బంజరుగా చూపించిన కాగితాలే అప్పీలులో ప్రశ్నకు దొరికాయి. ఫేస్‌బుక్ లైవ్ మీద ఎవరు ఎక్కడ అప్పీలు చేసుకోగలరు?

కాబట్టి నాయకుల లైవ్‌లకూ అలాంటి నియమాలే పెట్టాలి. ఒక లైవ్‌లో ఒక మండలం, ఒకే అంశం. ఉద్దానం నీళ్లంటే నీళ్లే, మధ్యలో పింఛన్లు వద్దు. వారం ముందే ప్రశ్నలు రాసి తీసుకుని వరుస నంబర్లు వేయాలి. ఫోను లేని ముసలమ్మ ప్రశ్న గ్రామ సచివాలయంలో రాయించుకోవాలి. అడిగేవాళ్లకూ ఒక మాట: ‘మా ఊరికి రోడ్డెప్పుడు బాబూ’ అంటే ‘త్వరలో’ అన్న జవాబే వస్తుంది. రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, అది ఆర్‌అండ్‌బీదా పంచాయతీరాజ్‌దా, ఎస్టిమేటు దగ్గర ఆగిందా టెండరు దగ్గరా అని అడిగితే తప్పించుకోవడం కష్టం. ఆ శాఖ ఇంజినీరు నాయకుడి పక్కనే కూర్చోవాలి. లేకపోతే ‘కనుక్కుని చెప్తా’ తప్ప ఇంకో మాట రాదు.

లైవ్ ముగిశాక ఒకే ఒక్క పేజీ కావాలి. ప్రశ్న నంబరు, ఇచ్చిన జవాబు, పని చేయాల్సిన అధికారి హోదా, గడువు తేదీ, కింద నాయకుడి సంతకం. వ్యక్తుల పేర్లు, ఆధార్‌లు అందులో ఉండకూడదు. ‘త్వరలో’ అన్న పదం రాయాల్సి వస్తే ఆ గడిని ఖాళీగా వదిలేయాలి, చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఆ పేజీని సచివాలయం బోర్డు మీద, లబ్ధిదారుల జాబితాల పక్కనే అంటించాలి. తర్వాతి లైవ్ మొదలుపెట్టేటప్పుడు దండాలూ నమస్కారాలూ కాకముందే, పాత పేజీలో గడువు దాటిన వరుసలు చదవాలి.