1932 ఫోర్డులో చోటు కోరుతున్న ఇండికేటర్ స్విచ్ గారికి

మహారాజశ్రీ ఇండికేటర్ స్విచ్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం కాబట్టి మొదలుపెట్టాను గానీ, ఇక్కడ కుశలం అంతంత మాత్రమే. ఎడమ ఇండికేటర్ వేస్తే బండికి నాలుగు మూలలా లైట్లు కొట్టుకుంటున్నాయి. బ్రేకు తొక్కితే వెనక రెండూ కొట్టుకోవడం మానేసి కళ్లార్పకుండా చూస్తున్నాయి. వెనక వచ్చేవాళ్లు నేను మలుపు తిరుగుతున్నానో, బండి చెడిపోయి సాయం అడుగుతున్నానో తేల్చుకోలేక పక్క లేన్‌లోకి తప్పుకుంటున్నారు. తమరితో నేరుగా మాట్లాడుకుంటే మంచిదనిపించి ఈ లేఖ.

బహిరంగ లేఖ కాబట్టి పదిమందీ చదువుతారు. వాళ్ల కోసం ముందు బండి సంగతి. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఇంజిన్‌కి జోరు పెంచి, మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించేవాళ్లు. ఆ పరుగులకి ఓ లెక్కా పత్రం ఉండాలని 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఎల్ మిరాజ్ సరస్సు మీద ఇప్పటికీ పోటీలు జరుగుతున్నాయి. ఈ జాతి బళ్లనే హాట్ రాడ్‌లంటారు. అందులో 1932 ఫోర్డుది అగ్రతాంబూలం. ఇక్కడ కాలిఫోర్నియాలో ముద్దుగా డ్యూస్ అంటారు. నా బండీ అదే. సామాన్యుడు కొనగల కారులో ఫోర్డు వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టింది ఆ ఏడాదే: 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్.

ఎండిన సరస్సు మీద దారి మైళ్ల పొడుగునా తిన్నగా ఉంటుంది. మలుపే లేనిచోట మీతో ఎవరికి పని? అందుకే మా వంశంలో మీకు మొదట్నుంచీ మర్యాద తక్కువ. ఇది మీ మీద కక్ష కాదు, మీరు అర్థం చేసుకోవాలి.

పైగా హాట్ రాడ్ కట్టడమంటే సగం పని పీకడమే. మడ్‌గార్డులు పోతాయి, బంపర్లు పోతాయి, కొందరైతే తలుపు పిడులు కూడా తీసేసి ఆ చిల్లులు నున్నగా పూడ్పిస్తారు. ఆ మధ్య ఇండియా నుంచి వచ్చిన మా మావయ్య బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "పిడులు తీసేసినందుకు వాళ్లు నీకు డబ్బులిచ్చారా, నువ్వే ఇచ్చావా అల్లుడూ?" అని అడిగాడు. నేనే ఇచ్చాను మావయ్యా అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఇలా ఉన్నవి తీయించుకోవడానికి డబ్బిచ్చేవాడి దగ్గరికొచ్చి, కంపెనీ వాళ్లు పెట్టని వస్తువు మీరు "నన్ను పెట్టుకో" అంటే ఎలా?

చట్టం కూడా మీ పక్షాన గట్టిగా నిలబడలేదు. కాలిఫోర్నియాలో ఇండికేటర్ లైట్లు తప్పనిసరి అయింది 1958 జనవరి 1 నుంచి తయారైన కార్లకి. అంతకు ముందువాటికి చెయ్యి చాలు. ఎడమ చెయ్యి అడ్డంగా చాపితే ఎడమకి, మోచెయ్యి పైకి మడిస్తే కుడికి, కిందికి దించితే ఆగుతున్నానని. మలుపుకి ముందు చివరి 100 అడుగులూ అలా చూపిస్తూనే ఉండాలి. గేరు మార్చే చెయ్యి కుడిది, స్టీరింగు పట్టుకునే చెయ్యీ అప్పుడు కుడిదే. ఆ 100 అడుగులు ఎలా గడుస్తాయో తోలినవాడికే తెలుసు.

అయినా చెయ్యితోనే నెట్టుకొద్దామనుకున్నాను. కానీ ఇప్పటి జనానికి ఆ భాష రాదు. కుడికి తిరగబోతూ మోచెయ్యి పైకి మడిస్తే, వెనక టెస్లాలో ఉన్నాయన పలకరిస్తున్నాననుకుని చెయ్యి ఊపుతాడు. పాత బండి మీద గౌరవంతో హారన్ కూడా కొడతాడు. నేను తిరిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద నిలబడతాడు. రాత్రిపూట చెయ్యి ఎలాగూ కనబడదు. ఇక టాపు కోసి కిందికి దించిన కూపే అయితే, ఆ సన్నటి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టడమే ఒక యోగాసనం. (మన దగ్గర ఆటోవాలా ఒక కాలు బయటపెట్టి ఎటు తిరుగుతున్నాడో చెబుతాడు, అందరికీ అర్థమవుతుంది. లారీ కుడి ఇండికేటర్ వేస్తే తిరుగుతున్నట్టా, దాటి వెళ్లమన్నట్టా అనేది మాత్రం ఈనాటికీ ఎవరి ధైర్యం వాళ్లది.)

మీ పూర్వీకుల మీద నాకు గౌరవం లేకపోలేదు. 1914లో సైలెంట్ సినిమాల తార ఫ్లోరెన్స్ లారెన్స్ బటన్ నొక్కితే బండి వెనక చెయ్యిలా లేచే ఏర్పాటొకటి కనిపెట్టిందనీ, పేటెంటు తీసుకోలేదనీ చెబుతారు. మీరు అమెరికాలో కంపెనీ బిగించిన సరుకుగా గడప తొక్కింది 1939 మోడల్ బ్యూక్‌లో. అప్పుడు వెనక మాత్రమే వెలిగేవారు. మరుసటి ఏడాది ముందు కూడా వెలిగారు, స్టీరింగ్ తిన్నగా రాగానే మీ అంతట మీరే ఆరిపోవడం కూడా నేర్చుకున్నారు. అంటే నా బండి కన్నా మీరు ఏడేళ్లు చిన్న. వయసులో చిన్నవారు కాస్త సర్దుకుపోవాలి.

సరే, పెట్టుకుంటానని ఒప్పుకున్నాననుకోండి. అసలు మీలో ఎవర్ని పెట్టుకోవాలి? సంబంధాలు చూడబోతే ఒక్కొక్కరిదీ ఒక్కో కోరిక.

మొదటివారు కొత్త స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రాన్ని మోసే గొట్టం) లోపలే పుట్టినవారు. వీళ్లొస్తే కాలమ్ మొత్తం మార్చాలి, వందల డాలర్లు. లోపలి సరంజామా చాలావరకు జనరల్ మోటార్స్ పద్ధతి. అన్నీ సవ్యంగా పనిచేస్తాయి, మలుపు తిరగ్గానే ఆరిపోతారు, తప్పు పట్టడానికేం లేదు. కానీ 1932 నాటి సన్నటి గొట్టం ఉన్నచోట లావుపాటి గొట్టం వస్తుంది. నా పాత స్టీరింగ్ చక్రం దాని మీద కూర్చోవాలంటే మధ్యలో ఇంకో అడాప్టర్ కావాలి. అది సరిపడకపోతే హారనూ మోగదు, మీరు ఆరేదీ ఉండదు. డబ్బూ పోయి, బండి డెబ్బైల నాటి షెవ్రొలేలా కనిపిస్తే ఇంట్లోవాళ్లకి ఏం చెప్పుకోను?

రెండోవారు అజ్ఞాతవాసులు. కాలమ్‌ని డాష్‌బోర్డుకి వేలాడదీసే బ్రాకెట్‌లో చిన్న మీటగా దాక్కుంటారు, లేదా బటన్ రూపంలో ఎక్కడో ఉంటారు. బటన్ వెనక ఓ ఎలక్ట్రానిక్ డబ్బా ఉండి, కొంతసేపటికి అదే ఆర్పేస్తుంది. ఎర్రలైటు దగ్గర నేను ఎంతసేపు నిలబడ్డానో దానికేం తెలుసు? పచ్చలైటు పడేసరికి అది తన డ్యూటీ ముగించుకుని ఉంటుంది. నేను చూసినంతలో స్విచ్‌ని దాచిపెట్టినవాడు దాచిన తెలివిని నలుగురికీ చూపిస్తాడు గానీ దాన్ని వాడడు.

మూడోవారు డాష్‌బోర్డు కింద టోగుల్ స్విచ్. కొన్ని డాలర్లతో అయిపోతుంది, చూడముచ్చటగా కూడా ఉంటుంది. ఎడమా, మధ్యా, కుడీ అంతే. ఇది చూసి మోసపోయినవాళ్లు కోకొల్లలు. ఎందుకో చెప్పాలంటే నా బండి వెనక లైట్ల కథ చెప్పాలి.

హాట్ రాడ్ వెనక 1939 ఫోర్డు లైట్లు పెట్టడం రివాజు. కన్నీటిబొట్టు ఆకారం, ఎర్రటి గాజు. ఒక్కో లైటులో ఒక్కటే బల్బు, 12 వోల్టులైతే 1157, పాత 6 వోల్టులైతే 1154. ఆ ఒక్క బల్బులో రెండు ఫిలమెంట్లు. సన్నగా వెలిగేది రాత్రి లైటుకి. గట్టిగా వెలిగేదే అటు బ్రేకుకీ ఇటు ఇండికేటర్‌కీ. అంటే ఎడమకి తిరుగుతూ బ్రేకు తొక్కితే కుడి బల్బు నిలకడగా వెలగాలి, ఎడమ బల్బు బ్రేకు మాట వినకుండా కొట్టుకోవాలి. ఈ తీర్పు చెప్పాల్సింది మీరే. కాబట్టి బ్రేకు వైరు పెడల్ దగ్గర్నుంచి నేరుగా వెనక్కి పోకూడదు, ముందు మీ దగ్గరికి రావాలి. మీకు ఏడు వైర్లు ఉండేది అందుకే: లైట్లని కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ నుంచి ఒకటి, బ్రేకు నుంచి ఒకటి, నాలుగు మూలలకి నాలుగు, హజార్డ్ (నాలుగు లైట్లూ ఒకేసారి కొట్టుకోవడం) కోసమో డాష్‌బోర్డు దీపం కోసమో మిగిలినది. మూడు కాళ్ల టోగుల్‌కి ఈ తీర్పు చెప్పే శక్తి లేదు. దాన్ని పెట్టాలంటే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) తగిలించాలి, లేదంటే ఇండికేటర్‌కి వేరే లైట్లు పెట్టాలి.

నాకు ఈ బండి అమ్మిన పెద్దమనిషి ఈ తత్వం బోధపడకుండానే వైరింగ్ చేశాడు. బ్రేకు వైరు తిన్నగా తీసుకెళ్లి వెనక బల్బులు రెండింటికీ కలిపేశాడు. దాంతో ఎడమా కుడీ వెనక ఒకటైపోయాయి. ఎడమ వేస్తే వెనక రెండూ కొట్టుకుంటాయి. బ్రేకు తొక్కితే ఆ కరెంటే మీ గుండా ముందుకొచ్చి ముందు ఎడమ లైటుని కూడా వెలిగిస్తుంది. అన్ని వైర్లూ ఒకే ఎరుపు రంగులో కొనడం ఆయన పొదుపు. దాని వడ్డీ నేను కడుతున్నాను.

అది విప్పి సరిచేశాక కూడా ముందు రెండు లైట్లూ కలిసే కొట్టుకున్నాయి. అప్పుడు దొరికింది డాష్‌బోర్డు మీది బుల్లి దీపం. చాలామందిలాగే ఆయనా ఎడమకీ కుడికీ కలిపి ఒక్కటే దీపం పెట్టాడు, రెండు కాళ్లూ చెరోవైపుకి తగిలించాడు. పాత బల్బులున్నన్నాళ్లూ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎడమ వెలిగినప్పుడు కరెంటు దీపం గుండా కుడి బల్బుల్లోకి పోయి ఎర్త్ అందుకుంటుంది. ఆ కాస్త కరెంటుకి అంత పెద్ద ఫిలమెంటు వెలగదు. కానీ మధ్యలో ఎవరో ఎల్ఈడీలు వేశారు. ఎల్ఈడీకి ఆ కాస్త కరెంటే పండగ. దీపానికి ఒక్కో వైపునుంచీ ఒక్కో డయోడు (కరెంటుని ఒకే దిశలో పోనిచ్చేది) పెట్టి, రెండో కాలు ఎర్త్‌కి కలిపితే రోగం కుదురుతుంది. రెండు డయోడ్ల ఖర్చు కాఫీ ధర కూడా కాదు.

ఎల్ఈడీల వల్ల ఫ్లాషర్‌తోనూ పేచీ. పాత ఫ్లాషర్‌లో లోహపు రేకు వేడెక్కి వంగితే కరెంటు తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. అది వేడెక్కాలంటే బల్బులు తగినంత కరెంటు తాగాలి. ఎల్ఈడీలు తాగేది తక్కువ, అందుకే పాత ఫ్లాషర్ వెలిగించి ఊరుకుంటుంది, ఆర్పదు. ఎలక్ట్రానిక్‌ది వేయాలి. ఇక ఫైబర్‌గ్లాస్ బాడీ కొన్నవాళ్ల సంగతి: అసలు ఉక్కు బాడీలు దొరక్క ఇప్పుడు చాలా డ్యూస్‌లు అవే. ప్లాస్టిక్‌లో ఎర్త్ పారదు కదా. ప్రతి లైటుకీ విడిగా ఎర్త్ వైరు వేయకపోతే కరెంటు తనకి తోచిన దారి వెతుక్కుంటుంది, బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు మినుకుమంటాయి. తొంభై శాతం కేసుల్లో దోషి ఎర్తే అని గ్యారేజీల్లో అంటారు. ఈ లెక్క ఎవరూ తీయలేదు గానీ, నేను మాత్రం నమ్ముతాను.

ఇన్ని చెప్పాక మిగిలింది నాలుగోవారు, లారీల నుంచి వచ్చినవారు. సిగ్నల్-స్టాట్ 900 అంటే ఈ లోకంలో తెలియనివాళ్లు లేరు. పక్కకి చిన్న మీట, కాలమ్ చుట్టూ బిగించే స్టీలు పట్టీ, స్క్రూడ్రైవర్ చాలు. కాలమ్ కోయక్కర్లేదు, చిల్లు పెట్టక్కర్లేదు. అందం సంగతంటారా, ఆ సన్నటి గొట్టానికి ఈయన్ని బిగిస్తే పట్టుపంచె మీద ప్లాస్టిక్ బెల్టు పెట్టినట్టే ఉంటుంది. తనంత తాను ఆరడు కూడా. పాత రకాల్లో కొందరికి ఓ రబ్బరు చక్రం ఉండి, స్టీరింగ్ హబ్‌కి రాసుకుంటూ తిరిగి మీటని వెనక్కి నెట్టేది. రబ్బరు అరిగాక ఆ సేవా లేదు.

ఆరకపోవడం చిన్న విషయమేం కాదు. టాపు లేని బండి, సైలెన్సర్ పేరుకి మాత్రమే ఉన్న ఇంజిన్. ఫ్లాషర్ టిక్ టిక్ వినబడదు, ఎండలో డాష్‌బోర్డు దీపం కనబడదు. ఎడమ ఇండికేటర్ వేసుకుని మైళ్లకి మైళ్లు తిన్నగా పోతుంటే పక్కవాళ్లు పాపం దారి ఇస్తూనే ఉంటారు.

అయినా నా ఓటు ఈయనకే. ఎందుకంటే మీట కళ్లెదుట ఉంటుంది. టిక్ టిక్ వినబడకపోయినా, మీట వంగి ఉందని చూస్తే తెలుస్తుంది. ఇంకో కారణం చెబితే మీకు గర్వం పెరుగుతుంది, అయినా చెబుతాను. ఈ బండిలో క్రోమ్, రంగు, మోత అన్నీ "నన్ను చూడండి" అనేవే. వెనకాలవాడి గురించి పట్టించుకునే భాగం మీరొక్కరే. బహుశా అందుకే మీరంటే మాకు పడదు.

కాబట్టి ఇదీ ఒప్పందం. పొమోనా స్వాప్ మీట్‌లో (పాత బళ్ల సామాన్ల సంతలో) కొన్న పాత లారీ స్విచ్‌కి పదవి ఖాయం, కాలమ్ ఎడమ పక్కన. పట్టీ కింద పాత సైకిలు ట్యూబు ముక్క వేస్తాను, రంగు గీరుకుపోతే ఊరుకోను. ఏడు వైర్లూ ఏడు రంగుల్లో ఉంటాయి. డయోడ్లు రెండు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఒకటి మీ తరఫున నేనే భరిస్తాను. ఫొటోలు తీసేటప్పుడు మాత్రం నేను కుడివైపు నుంచే తీస్తాను, దానికి మీరు నొచ్చుకోకూడదు. ఎర్త్ వైర్ల విషయంలో బేరాల్లేవు.

ఇట్లు,
తమ ఏడు తీగల మధ్య తల ఇరికించుకుని, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉన్న
ఒక డ్యూస్ యజమాని