అమ్మ వేసుకున్న మాత్ర.. కూతురి గర్భసంచి

పిల్లలు పుట్టకపోతే డాక్టర్ అడిగేవన్నీ ఆమె గురించే. వయసెంత, బరువెంత, టెన్షన్లు ఏమైనా ఉన్నాయా? ఆమె కడుపులో ఉన్నప్పుడు వాళ్లమ్మ ఏ మందు వాడిందన్నది ఎవరికి తడుతుంది? డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, అంటే డీఈఎస్, సంగతి తెలియాలంటే ఆ ప్రశ్నే అడగాలి.

ఈస్ట్రోజెన్‌లా పనిచేసే ఈ మందును 1938లో బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది. పేటెంట్ లేదు కాబట్టి ఎన్నో కంపెనీలు అమ్ముకున్నాయి. గర్భస్రావాన్ని ఆపుతుందని అమెరికాలో గర్భిణులకు రాశారు. 1953లో షికాగోలో సుమారు 1,600 మంది గర్భిణులపై పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా లేదని తేలింది. అయినా మరో 18 ఏళ్లు రాస్తూనే ఉన్నారు. హాని తెలియకపోవడాన్ని ఎలాగో అర్థం చేసుకోవచ్చు. పనిచేయదని తేలాక కూడా 'వేసుకుంటే పోయేదేముంది' అనుకోవడమే నాకు మింగుడుపడదు.

చివరికి దాన్ని ఆపించింది క్యాన్సర్. బోస్టన్‌లో 8 మంది యువతులకు యోనిలో అరుదైన క్యాన్సర్ కనిపించింది. వాళ్లలో ఏడుగురి తల్లులు డీఈఎస్ వాడినవాళ్లే. ఈ సంగతి 1971లో బయటపడింది. గర్భిణులకు ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ ఏడాదే హెచ్చరించింది.

నిజానికి ఆ క్యాన్సర్ సుమారు వెయ్యి మంది కూతుళ్లలో ఒకరికి వస్తుంది. సంతానలేమి అలా కాదు. 2011లో వెలువడిన అమెరికా పరిశోధన ప్రకారం, 45 ఏళ్లు వచ్చేసరికి ఈ కూతుళ్లలో 33.3 శాతం మందికి ఆ సమస్య ఎదురైంది. మందు సోకనివాళ్లలో అది 15.5 శాతమే. గర్భసంచి బయట పిండం నిలవడమైతే 14.6 శాతం, అవతల 2.9. పిండంలో గర్భసంచి, ఫెలోపియన్ ట్యూబులు రూపు దిద్దుకునే వేళ ఈ కృత్రిమ హార్మోన్ వాటి అమరికనే చెడగొట్టింది. కొందరి గర్భసంచి లోపలి ఖాళీ ఇంగ్లిష్ 'టీ' అక్షరంలా తయారైంది. బయటికి మాత్రం ఏమీ తెలియదు.

క్యాన్సర్ బయటపడకపోతే సంతానలేమి ఒక్కటే ఈ మందును ఆపించేదా? అనుమానమే. గడ్డను కోసి చూపించొచ్చు. నిలవని గర్భాన్ని పాతికేళ్ల కిందటి చీటీతో ముడిపెట్టేదెవరు? అప్పటికి అమ్మకు మందు పేరు కూడా గుర్తుండదు. ఏ కంపెనీ మాత్రో తెలియని కూతుళ్ల కోసం కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1980లో కొత్త దారి వేసింది, మార్కెట్ వాటాను బట్టి కంపెనీలు పరిహారం భరించాలంది. ఆ కేసు వేసిన మహిళ కూడా కోర్టుకు వెళ్లింది మూత్రాశయంలో తీయించుకున్న క్యాన్సర్ గడ్డ గురించే.