అటు బండి, ఇటు బ్లూటూత్

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తాగి బండి నడిపినోణ్ణి ఇంట్లోవాళ్ళయినా నాలుగు మాటలంటారు. ఫోన్ చూసుకుంటూ నడిపినోణ్ణి ఎవరూ ఏమనరు. పైగా ఎత్తనివాడిదే తప్పు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తలే", "చూసిండు, నీలం టిక్కులు పడ్డయ్, జవాబియ్యలే" అంటూ పెళ్ళికి పిలవనంత పట్టింపు చేస్తారు. బండి మీదుంటి అని చెప్పినా సాకు కిందే లెక్క.

చలానాలతో ఇది మారుతుందనుకుంటే అదీ కాలేదు. చేత్తో ఫోన్ పట్టుకుని నడపడాన్ని 2019లో కేంద్రం ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది, మొదటిసారికే 5,000 రూపాయల దాకా జరిమానా పెట్టింది. పెంచిన జరిమానాలను తెలంగాణ అప్పుడు అమలు చేయలేదు. ఆ తర్వాత పెండింగ్ చలానాలు కట్టే టూవీలర్ల వాళ్ళకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. ఇంకెవరు కడతారు టైముకు? "మల్ల ఆఫర్ వస్తది తీయ్" అని కూర్చుంటారు. సర్కారుకు పైసలొచ్చాయి, ఉన్న కాస్త భయమూ పోయింది. దారి చూసుకోవడానికైతే ఫోన్ వాడొచ్చని 2020లో నిబంధన కూడా వచ్చింది. పుట్టి పెరిగిన ఊరికి పోవడానికి మ్యాప్ ఎవరికి కావాలో, అది వేరే సంగతి.

అయితే నా పంచాయితీ పోలీసులతో కాదు, అమెరికాలో ఉన్న మనతోనే.

మనం ఇంటికి ఫోన్ చేసే వేళ చూడండి. షికాగోలో పొద్దున ఏడున్నరకు ఆఫీసుకు బయలుదేరుతూ కారు బ్లూటూత్‌లో కాల్ కలుపుతాం. చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, ఎందుకంటే ఇల్లినాయిలో 2014 నుంచి ఫోన్ చేత పట్టుకుని నడపకూడదు. అక్టోబరులో అయితే ఊళ్ళో అప్పుడు సాయంత్రం ఆరు, పొద్దుగూకే వేళ. బావ నకిరేకల్‌లో పని చూసుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద ఊరికి మళ్ళుతుంటాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికిస్తాడు, మెడ ఒక పక్కకు వాలుతుంది. "ఏం కాదు, రోడ్డు ఖాళీగనే ఉంది, చెప్పు" అంటాడు. మనం చెబుతాం. పైగా "ఫొటో పెట్టిన, చూడు బావా" అంటాం.

ఆ ఖాళీ రోడ్డు సంగతి మనకు తెలియనిదా? కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చీకటి పడితే వాటి మీద నల్లపట్టా కప్పి, గాలికి లేవకుండా అంచుల వెంట రాళ్ళు పెడతారు. మిల్లుకు పోయే ట్రాక్టరు ట్రాలీకి వెనక లైటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఎదురుగా పత్తి ఏరి వచ్చే కూలీలతో కిక్కిరిసిన ఆటో. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ ఐదు సెకన్లు ఫొటో చూస్తే బండి దాదాపు 70 మీటర్లు పోతుంది. ఆ 70 మీటర్లలో రాయి ఉందో, పట్టా ఉందో, బర్రె ఉందో చూసేవాడు ఎవడూ లేడు.

మాట్లాడేది ఇద్దరం. ప్రాణం మీదికొచ్చేది మాత్రం ఎక్కువగా అటువైపు వాడికే. అవతల హారన్, గాలి చప్పుడు మన చెవిన పడుతూనే ఉంటాయి, "బండి మీదున్నవా?" అని అడుగుతాం కూడా. కానీ అడిగి పెట్టేయం, మాట సాగదీస్తాం. ఆ ప్రశ్న అడగడం వట్టి మర్యాద అయిపోయింది.

మన సంఘం ఏటా ఊళ్ళలో హెల్మెట్లు పంచుదామా అని చర్చిస్తుంది. పంచుదాం, మంచిదే. దానికంటే ముందు గాలి చప్పుడు వినపడగానే "ఇంటికి పోయినంక చెయ్యి బావా" అని మనమే పెట్టేస్తే పైసా ఖర్చుండదు. మెసేజ్‌కు ఆ పూట జవాబు రాకపోయినా గ్రూపులో ప్రశ్నార్థకాలు పెట్టకుంటే చాలు.

మొదట్లో అక్కడ మాట పడాల్సి వస్తుంది లెండి. "అమెరికా పోయినంక మావోనికి గర్వమొచ్చింది, మాట మధ్యలనే ఫోన్ పెట్టేస్తున్నడు" అంటారు. అననివ్వండి.